షోరూమ్‌కి మళ్లీ వెళ్లేది ఎవరి కోసం? బండి అమ్మిన మనిషి కోసమా, బండి విప్పిన మనిషి కోసమా?

పొడుగుదారి:

మోటార్‌సైకిల్ షోరూమ్‌లో అమ్మకాలు చూసే స్నేహితుడితో నాకు చాలాకాలంగా నడుస్తున్న వాదన ఇది. అతని మాట ఏంటంటే, కస్టమర్ మళ్లీ వస్తాడా రాడా అన్నది డెలివరీ రోజే తేలిపోతుంది, ఆ రోజు ఓపిగ్గా అన్నీ చూపించి, తాళాలు చేతికిచ్చి, ఫొటో తీసి గౌరవంగా పంపిస్తే ఇక ఆ మనిషి ఎక్కడికీ పోడు అని. నాకది మింగుడు పడదు. బండి కొనడం ఎన్నో ఏళ్లకోసారి జరిగే పని. ఆ మధ్యలో మనం షోరూమ్ గడప తొక్కేదంతా సర్వీసింగ్ కోసమే, అక్కడ ఎదురయ్యేది అమ్మిన మనిషి కాదు, జాబ్ కార్డ్ (బండికి చేయాల్సిన పనుల కాగితం) రాసే అడ్వైజర్, అతని వెనక మనకి కనపడని మెకానిక్.

నేను చూసేది ఒకటే, బండి విప్పిన వాళ్లు నాకు నిజం చెప్పారా లేదా. "వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంకా సగం ఉన్నాయి, ఇప్పుడు మార్చక్కర్లేదు, వచ్చే సర్వీసింగ్‌కి చూద్దాం" అన్న మాట విన్న చోటుని నేను వదలను. డబ్బు తీసుకునే వీలుండి కూడా వద్దన్నారు కదా, రేపు అదే నోటితో "చైన్ సెట్ అరిగిపోయింది, మార్చాల్సిందే" అంటే మారుమాట లేకుండా సరే అంటాను. అదే, నేను అడగని పనులు బిల్లులో కనిపించి, ఏంటని అడిగితే "అది మామూలుగా చేసేదే సార్" అన్న జవాబు వచ్చిందంటే షోరూమ్ ఎంత మెరిసిపోతున్నా నాకు అనవసరం. మీరేమంటారు? ముఖ్యంగా ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెప్పండి.

షోరూమ్‌ఫ్లోర్:

నేను అమ్మకాల వైపు మనిషిని, కాబట్టి మీ స్నేహితుడి పక్షమే. కానీ నా మాట ఫొటో గురించి కాదు, డెలివరీకి ముందు జరిగేదాని గురించి. కొత్తగా నడపడం నేర్చుకున్న మనిషి వచ్చి ఒక బరువైన బండి మీద మనసు పారేసుకుంటాడు, సీటు మీద కూర్చుంటే మునివేళ్లు తప్ప నేలకి ఏమీ ఆనవు. "స్టాక్‌లో ఉంది, వెంటనే తీసుకెళ్లొచ్చు" అని అదే అంటగట్టవచ్చు. లేదా సీటు ఎత్తు తక్కువున్న ఇంకో బండి బయటికి తీసి, రెండూ నడిపించి, తేడా అతనికే తెలిసేలా చేయవచ్చు. మొదటి పద్ధతిలో కొన్న బండి కొద్ది నెలలకే మళ్లీ అమ్మకానికి వెళ్తుంది, మన మీద నమ్మకం కూడా దాంతోపాటే పోతుంది. సరిపడని బండి కొన్న మనిషిని ఎంత మంచి మెకానిక్ అయినా వెనక్కి తేలేడు.

ఇంకొకటి, జనం బండి పని ఉంటేనే వస్తారనుకోకండి. హార్లే డేవిడ్‌సన్ కంపెనీని 1981లో దాని అప్పటి యజమాని ఏఎంఎఫ్ అనే కంపెనీ నుంచి సొంత మేనేజర్లే కొనుక్కున్నారు, అప్పటికి నాణ్యత విషయంలో దాని పేరు బాగా దెబ్బతిని ఉంది. 1983లో హార్లే ఓనర్స్ గ్రూప్ పెట్టారు, దాని చాప్టర్లకి, అంటే స్థానిక శాఖలకి, ఎక్కడికక్కడ డీలర్‌షిప్‌లే అండగా ఉంటాయి. అంటే బండికి ఏ రిపేరూ లేని ఆదివారం కూడా మనిషికి గ్రూప్ రైడ్ పేరుతో షోరూమ్ వైపు రావడానికి ఒక కారణం దొరికింది. మీరు చెప్పే జాబ్ కార్డ్ నిజాయితీ ఒక్కటే ఆ పని చేయగలదా?

పొడుగుదారి:

హార్లే సంగతి మీరే ఎత్తారు కాబట్టి మిగతాది కూడా చెప్పుకోవాలి. ఆ గ్రూప్ పెట్టిన సమయంలోనే ఇంజిన్ కూడా మారింది, 1984 మోడళ్లతో ఎవల్యూషన్ ఇంజిన్ వచ్చింది, అంతకుముందు ఇంజిన్లని పట్టి పీడించిన ఆయిల్ కారే బెడద చాలావరకు తగ్గింది. బండి బాగుపడకుండా గ్రూప్ ఒక్కటే ఉండుంటే ఆ రైడ్‌లకి ఎంతమంది ఎన్నాళ్లు వచ్చేవాళ్లో మీరే చెప్పండి. సరిపడే బండి చూపించడం గురించి మీరన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, కానీ అది కూడా నిజం చెప్పడమే కదా, నా మాటకి ఎదురు మాట కాదు.

టార్క్‌రెంచ్:

నేను డీలర్‌షిప్ వర్క్‌షాప్‌లో మెకానిక్‌ని. ఇద్దరూ కస్టమర్‌కి కనిపించే వాటి గురించే మాట్లాడుతున్నారు, కనిపించని వాటి గురించి కొంచెం రాస్తాను, పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

చాలా బండ్లు మా దగ్గరికి పెట్టెలో వస్తాయి, హ్యాండిల్, అద్దాలు, బ్యాటరీ, కొన్నిటికి ముందు చక్రం కూడా విడిగా ఉంటాయి. అవన్నీ బిగించి, బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేసి, టైర్లలో గాలి, కేబుళ్లు, బ్రేకులు, బోల్టుల టార్క్ అన్నీ చూడడాన్ని పీడీఐ, అంటే డెలివరీకి ముందు తనిఖీ, అంటారు. "కస్టమర్ కింద ఎదురు చూస్తున్నాడు, త్వరగా కానివ్వు" అని పైనుంచి ఫోన్ వస్తే మొదట దెబ్బతినేది ఇదే. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయకుండానే బిగించి పంపిస్తే ఆ రోజు ఎవరికీ తెలియదు, అది తొందరగా చచ్చిపోయినప్పుడు కస్టమర్ మాత్రం బండినే తిట్టుకుంటాడు.

తర్వాత మొదటి సర్వీసింగ్. చాలా కంపెనీలు దీన్ని 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య పెడతాయి. కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకునేటప్పుడు సన్నటి లోహపు రజను రాలుతుంది, అది ఆ మొదటి ఆయిల్‌లో, ఫిల్టర్‌లో చేరుతుంది, అందుకే ఆ సర్వీసింగ్ దాటవేయకూడదు. అక్కడ పాత ఆయిల్ బయటికి తీసే డ్రెయిన్ బోల్టు కింద వాషర్ కొత్తది వేశామా పాతదే వేశామా అన్నది కస్టమర్ చూడడు. పాత వాషర్‌తో ఆయిల్ చెమ్మ కనిపిస్తోందని ఎవరో ఒకరు బోల్టుని ఇంకాస్త బిగిస్తారు, అల్యూమినియం కేస్‌లో మరలు అరిగిపోతాయి, చిన్న వాషర్ దగ్గర మొదలైంది పెద్ద రిపేర్ దాకా వెళ్తుంది. చైన్ కూడా అంతే. చప్పుడు వస్తోందని చెబితే గట్టిగా బిగించి ఇచ్చేస్తే కస్టమర్ సంతోషంగా వెళ్తాడు, కానీ మనిషి కూర్చుని సస్పెన్షన్ కిందికి దిగినప్పుడు ఆ చైన్ మరీ లాగుతుంది, గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలా వర్క్‌షాపుల్లో మెకానిక్‌కి ఫ్లాట్ రేట్ పద్ధతిలో జీతం లెక్క కడతారు, అంటే కంపెనీ పుస్తకంలో ఆ పనికి ఎంత టైమ్ రాసి ఉంటే అంతకే డబ్బు, నిజంగా ఎంత సేపు పట్టిందన్నది లెక్కలోకి రాదు. వాల్వ్ క్లియరెన్స్, అంటే ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఆ ఖాళీని బకెట్ షిమ్ అనే చిన్న లోహపు బిళ్లతో సరిచేసే ఇంజిన్లలో కొలత తప్పితే చాలావాటికి క్యామ్‌షాఫ్ట్ తీసి షిమ్ మార్చాలి, అది సగం పూట పని. పొద్దున వేడి ఇంజిన్‌తో వచ్చిన బండిని మధ్యాహ్నానికే తిరిగి ఇవ్వాలంటే ఆ పని ఎలా జరుగుతుంది? కవర్ విప్పకుండానే జాబ్ కార్డ్ మీద టిక్ పడిపోయే ప్రమాదం అక్కడే ఉంది. తొందరపడిన మెకానిక్‌కి పుస్తకంలోని టైమ్ అంతా కలిసొస్తుంది, నిదానంగా చేసినవాడికి నష్టం. పొడుగుదారి గారు, మీరు అడుగుతున్న నిజం మా నోట్లోంచి రావాలంటే ముందు యజమాని మాకు ఎలా జీతమిస్తున్నాడో చూడాలి. "ఈ ప్యాడ్లు ఇప్పుడు మార్చక్కర్లేదు" అన్న మాటకి మాకు ఏ పుస్తకంలోనూ టైమ్ రాసి లేదు.

కౌంటర్‌వెనక:

స్పేర్ పార్ట్స్ వైపు నుంచి ఒక్క మాట. మీరంతా మనుషుల గురించి అంటున్నారు గానీ, నా అనుభవంలో కస్టమర్‌ని శాశ్వతంగా దూరం చేసేది ఆగిపోయిన బండి. బండి లిఫ్ట్ మీద విప్పి ఉంటుంది, ఒక సీల్ లేక వారాలు గడుస్తాయి, ఫోన్ చేస్తే రోజుకో మనిషి రోజుకో మాట చెబుతాడు. పార్ట్ ఆలస్యం చాలాసార్లు మన చేతుల్లో ఉండదు. కానీ ఛాసిస్ నంబర్ పూర్తిగా, 17 అంకెలూ అక్షరాలూ తప్పులేకుండా తీసుకుని, భాగాలన్నీ విడదీసి చూపించే బొమ్మలో పార్ట్ సరిచూసి, ఆ పార్ట్ నంబర్ మారి కొత్త నంబర్ వచ్చిందేమో చూసి ఆర్డర్ పెట్టడం మన చేతిలోనే ఉంది. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మోడళ్లకి బ్రేక్ ప్యాడ్లు వేరు కావచ్చు, అంచనాతో ఆర్డర్ పెడితే వచ్చిన పార్ట్ సరిపోదు, మళ్లీ మొదటికొస్తుంది.

బండి విప్పకముందే పార్ట్ ఉందో లేదో నన్ను అడగండని మా అడ్వైజర్లకి ఎన్నిసార్లు చెప్పానో. నడిచే స్థితిలో ఉన్న బండి అయితే పార్ట్ వచ్చేదాకా కస్టమర్ దగ్గరే ఉండనివ్వాలి. ఇది పాటించే చోటికి జనం వస్తారు.

రెండోచేయి:

అందరూ మంచి మాటలే రాశారు, కానీ నేను వారంటీ అయిపోగానే బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లిపోయినవాణ్ణి, నా లాంటివాళ్లు తక్కువేం కాదు. ఖర్చు తగ్గుతుంది, అది దాచాల్సిన విషయం కాదు. ఆయిల్ ఎక్కడ పోయించినా డబ్బా మీద జాసో అనే జపాన్ ప్రమాణంలోని ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉందా, కంపెనీ చెప్పిన గ్రేడేనా అన్నది చూసుకుంటే చాలు, ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బండికి కావాల్సింది అదే. రీకాల్ పనికి, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లని పిలిపించి చేసే పనికి, స్కానర్ పెట్టి చూడాల్సిన ఎలక్ట్రానిక్స్ పనికి మాత్రం షోరూమ్‌కే వెళ్తాను, రీకాల్ అయితే కంపెనీ ఖర్చుతోనే చేస్తారు కాబట్టి అందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

అయితే ఖర్చు ఒక్కటే కారణం కాదు. పొడుగుదారి అన్న "నిజం" నాకు బయట తేలిగ్గా దొరుకుతోంది, ఎందుకంటే అక్కడ పని చేసిన మనిషే నాతో మాట్లాడతాడు, అరిగిన పార్ట్ చేతిలో పెట్టి చూపిస్తాడు. షోరూమ్‌లో నేను చప్పుడు గురించి అడ్వైజర్‌కి చెబుతాను, అతను జాబ్ కార్డ్ మీద "చప్పుడు" అని ఒక్క ముక్క రాస్తాడు, చల్లటి ఇంజిన్‌తో బయల్దేరినప్పుడు మాత్రమే, రెండో గేర్‌లో మాత్రమే వస్తోందని నేను చెప్పిందంతా ఆ కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. సాయంత్రం "చూశాం సార్, ఏమీ లేదు" అంటారు. మెకానిక్‌ని పిలవమంటే లోపలికి కస్టమర్లని రానివ్వరు. దెబ్బలు తగలకుండా ఆ నిబంధన పెట్టారని తెలుసు, కానీ అతను బయటికి రావడానికి ఏం అడ్డం?

షోరూమ్‌ఫ్లోర్:

ఇది మాత్రం కాదనలేను. మా దగ్గర కూడా అడ్వైజర్ మీద ఉండే ఒత్తిడి వేరు. ఫ్రెడ్ రీచెల్డ్ 2003లో ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోర్ పద్ధతిలో కస్టమర్‌ని ఒకే ప్రశ్న అడుగుతారు, మీ వాళ్లకి మమ్మల్ని సిఫార్సు చేస్తారా, సున్నా నుంచి పది వరకు ఎంత ఇస్తారు అని. 9, 10 ఇచ్చినవాళ్లే మెచ్చినట్టు, 6, అంతకంటే తక్కువ అయితే మెచ్చనట్టు, 7, 8 అయితే అటూ ఇటూ కానట్టు. దాంతో అడ్వైజర్ దృష్టంతా బండి మీద నుంచి ఆ ఫోన్ కాల్ మీదికి వెళ్తుంది, "సార్, కాల్ వస్తుంది, పది ఇవ్వండి" అని ప్రాధేయపడడం మీరందరూ చూసే ఉంటారు. కస్టమర్ మొహమాటానికి పది ఇచ్చి, తర్వాత ఇంకెప్పుడూ రాడు. మాకేమో రిపోర్ట్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది.

పొడుగుదారి:

ఇదే నేను వెతుకుతున్న మాట. పది ఇమ్మని అడిగే చోట, ఏం బాగాలేదో అడిగే మనిషి ఉండడు.

తప్పు జరిగిన చోట ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఒకసారి సర్వీసింగ్‌లో నా బండి సైడ్ ప్యానెల్ లోపలి క్లిప్ విరిగింది. నేను గమనించేవాణ్ణే కాదు. మెకానిక్ తనే బయటికొచ్చి, "సార్, తీసేటప్పుడు నా చేతిలోనే విరిగింది, ప్రస్తుతానికి ప్యానెల్ ఊడకుండా కట్టాను, కొత్తది ఆర్డర్ పెట్టాను, మీరేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు. ఏ తప్పూ జరగని సర్వీసింగ్ కంటే అది నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది. వ్యాపారం మీద పరిశోధన చేసేవాళ్లు సర్వీస్ రికవరీ పారడాక్స్ అనేది దీన్నే. అయితే అది ప్రతిసారీ పనిచేయదు, రెండోసారి అదే తప్పు జరిగితే ఎంత మర్యాదగా చెప్పినా వినబుద్ధి కాదు, బ్రేకుల విషయంలో అయితే మొదటిసారే క్షమించలేం.

టార్క్‌రెంచ్:

ఆ మెకానిక్ అలా చెప్పగలిగాడంటే, క్లిప్ విరిగితే జీతంలో కోత పెట్టని యజమాని దగ్గర పనిచేస్తున్నాడని అర్థం. కోత పెట్టే చోట ఆ ప్యానెల్‌కి జిగురు పూసి పంపించేవాళ్లు.

రెండోచేయి అడిగినదానికి జవాబు: మేం బయటికి రావడానికి అడ్డమేమీ లేదు, మమ్మల్ని పిలిచేవాళ్లు లేరు. బండి ఇచ్చేటప్పుడే "మెకానిక్‌తో కలిసి ఒక చిన్న రౌండ్ వేస్తాను" అని అడగండి, ఆ చప్పుడు నేను నా చెవులతో వింటే సగం పని అయిపోయినట్టే. మార్చిన పార్ట్‌లు ఒక కవర్‌లో వేసి ఇవ్వమనండి. అడగని పని మొదలుపెట్టే ముందు ఫోన్ చేయాలని జాబ్ కార్డ్ మీద రాయించి సంతకం పెట్టండి, అది కాగితం మీద ఉంటే లోపల మాకు కూడా బలం.

షోరూమ్‌ఫ్లోర్:

జాబ్ కార్డ్ మీద మెకానిక్ పేరు కనిపించేలా ఉండాలని మా మేనేజర్‌తో మాట్లాడతాను, ఫ్లాట్ రేట్ సంగతి నా పరిధిలో లేదు, అయినా చెవిన వేస్తాను. ఆదివారం రైడ్‌లు మాత్రం ఆపేది లేదు. టార్క్‌రెంచ్ గారు, మీ షోరూమ్ వాళ్లు రైడ్ పెడితే మిమ్మల్ని కూడా రమ్మంటారా? మా దగ్గర ఇప్పటిదాకా ఎవరూ ఆ ఆలోచన చేయలేదు.

టార్క్‌రెంచ్:

ఎప్పుడూ పిలవలేదు. పిలిస్తే వస్తాను, నేను సర్వీస్ చేసిన బండ్లు రోడ్డు మీద ఎలా నడుస్తున్నాయో నాకూ చూడాలని ఉంది.