జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ మీద సిల్వర్ కాంటాక్ట్ డయోడ్‌లా పనిచేయట్లేదు, పెరాక్సైడ్‌లో ముంచొచ్చా?

సిక్కోలు_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. శ్రీకాకుళం దగ్గర ఎంఎస్సీ ఫిజిక్స్ ప్రాజెక్ట్ చేస్తన్నాను. ఐటీఓ గ్లాస్ (కరెంటు పారే పారదర్శక పూత ఉన్న గాజు) మీద సోల్‌జెల్‌తో, అంటే ద్రావణం పూసి వేడిచేసే పద్ధతిలో, జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ వేసాను, జింక్ అసిటేట్, మిథాక్సీ ఇథనాల్, ఇథనాల్ అమీన్, అందరూ వాడే రెసిపీయే, ఒక్కో పొరని 300 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద ఆరబెట్టి చివర్న 450లో గంటసేపు ఫర్నేస్‌లో పెట్టాను. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని చూసే పరీక్ష) 34.4 డిగ్రీల దగ్గర పీక్ బానే వచ్చింది. పైన సిల్వర్ పేస్ట్ చుక్కలు పెట్టి ఐవీ (వోల్టేజీకి ఎంత కరెంటు వస్తందో చూపే గీత) తీస్తే మాత్రం ప్లస్ వైపూ మైనస్ వైపూ ఒకేలా తిన్నగా గీతే వస్తంది, డయోడ్ వంపే లేదు. సర్ఫేస్ ట్రీట్‌మెంట్ చెయ్యమని సీనియర్లు అంటన్నారు గాని ఒకరు పలచటి హెచ్‌సీఎల్ ఆమ్లంలో ముంచమంటారు ఇంకొకరు హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటారు, ఏది మంచిదో ఎందుకో కాస్త చెప్పండి.

గంటస్తంభం_జంక్షన్:
హెచ్‌సీఎల్ జోలికి మాత్రం వెళ్లకమ్మా. జింక్ ఆక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది, గట్టి క్షారంలోనూ కరుగుతుంది, నీ ఫిల్మ్ మందం మహా అయితే వందా రెండొందల నానోమీటర్లు ఉంటుందేమో, పలచటి ఆమ్లమైనా సెకన్లలో తినేస్తుంది.

పెరాక్సైడ్ ఎందుకంటారంటే, జింక్ ఆక్సైడ్‌లో మనం ఏమీ కలపకపోయినా ఎలక్ట్రాన్లు ఉంటాయి, అది పుట్టుకతోనే ఎన్ టైప్. దానికి తోడు పై పొరలో హైడ్రాక్సిల్ గుంపులు, ఆక్సిజన్ ఖాళీలు, గాల్లోంచి అంటుకున్న కార్బన్ మురికి, వీటివల్ల సర్ఫేస్ దగ్గర ఎలక్ట్రాన్లు ఇంకా పోగవుతాయి. అక్కడ మెటల్ పెడితే మెటల్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఎలక్ట్రాన్లని ఆపే అడ్డుగోడ పలచబడిపోయి కరెంటు రెండు వైపులా దూరిపోతుంది. పెరాక్సైడ్ ఆ పై పొరని ఆక్సిడైజ్ చేసి ఎలక్ట్రాన్లని తగ్గిస్తుంది, అప్పుడు షాట్కీ బ్యారియర్ అనే ఆ అడ్డుగోడ నిలబడుతుంది. మోతాదు మించితే పైన జింక్ పెరాక్సైడ్ పొర కట్టి కరెంటే వెళ్లదు, అందుకని వేడి పెరాక్సైడ్‌లో నిమిషాల లెక్కే గాని గంటలు ఉంచకు.

ఇంకొక్క మాట, ఇది చాలా ముఖ్యం. శాంపిల్‌ని అసిటోన్‌తో కడిగి ఉంటే డీఐ వాటర్‌తో (అయాన్లు తీసేసిన నీళ్లు) బాగా కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టాకే పెరాక్సైడ్ దగ్గరికి తీసుకెళ్లు. అసిటోన్, పెరాక్సైడ్ కలిస్తే పేలే పదార్థం తయారవుతుంది. 30 శాతం పెరాక్సైడ్ చర్మం మీద పడితే తెల్లగా కాలిపోద్ది, గ్లవ్స్, కళ్లద్దాలు, ఫ్యూమ్ హుడ్ లేకుండా వేడి చెయ్యొద్దు.

తంపర_గాలి:
పైన చెప్పింది కరెక్టే గాని నాకు అసలు అనుమానం వేరే ఉంది. చెల్లీ, నీ గీత ఎన్ని ఓమ్‌లు చూపిస్తంది? మల్టీమీటర్‌తో ముందు ఐటీఓ మీదే రెండు చోట్ల పెట్టి చూడు, తర్వాత చుక్కకీ ఐటీఓకీ మధ్య చూడు. రెండూ ఇంచుమించు ఒకటే అయితే అది సర్ఫేస్ కెమిస్ట్రీ కాదు, ఫిల్మ్‌లో సన్న రంధ్రాలుంటే సిల్వర్ పేస్ట్‌లోని ద్రావకం వాటిల్లోకి దిగి కింద ఐటీఓని ముట్టేసినట్టే. ఈ వానాకాలం మన వైపు గాల్లో తేమ తెలిసిందే కదా, స్పిన్ చేసేటప్పుడు (గాజుని గిర్రున తిప్పి ద్రావణం పరిచేటప్పుడు) పొర తెల్లగా మబ్బు పట్టినట్టు అయితే అక్కడే రంధ్రాలు పడతాయి. షార్ట్ అయిన చుక్కని ఏ కెమికల్‌లో ముంచినా డయోడ్ అవదు.

సిక్కోలు_అమ్మాయి:
ఇప్పుడే చూసాను అన్నా. కొన్ని చుక్కలు ఐటీఓతో సమానంగా పదుల ఓమ్‌లే ఉన్నాయి, అంచుల దగ్గర ఉన్నవి మాత్రం కిలో ఓమ్‌లు చూపిస్తన్నాయి. మధ్యలోనే ఫిల్మ్ కాస్త మబ్బుగా ఉంది, మీరన్నట్టే. మరి ఇప్పుడేటి చెయ్యాలి?

తంపర_గాలి:
అయితే నీకు రెండు సమస్యలున్నాయి, కలిపి చూడకు. కొత్త శాంపిల్‌కి ఇంకో రెండు మూడు పొరలెయ్యి, స్పిన్ అవగానే ఆలస్యం చెయ్యకుండా హాట్‌ప్లేట్ మీద పెట్టు, సొల్యూషన్ మసగ్గా ఉంటే పారబొయ్యి. పెరాక్సైడ్ ప్రయోగం దాని మీద చెయ్యి, ఒకే ఫిల్మ్‌ని రెండు ముక్కలుగా కోసి ఒక దాన్ని ముంచు, రెండోదాన్ని డీఐ వాటర్‌లో అంతే సేపు ఉంచు, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో గైడ్ అడిగితే చెప్పలేవు. సిల్వర్ పెట్టడం ట్రీట్‌మెంట్ తర్వాతే, ముందు పెడితే పెరాక్సైడ్ సిల్వర్ మీద బుసబుసా పొంగి విడిపోద్ది. కుదిరితే పేస్ట్ మానేసి వాక్యూమ్ ఎవాపరేషన్‌తో సిల్వర్ వేయించుకో, మీ దగ్గర లేకపోతే విశాఖ వైపు ల్యాబుల్లో అడిగి చూడమ్మా.

గంటస్తంభం_జంక్షన్:
ఐవీ తీసేటప్పుడు చీకట్లో తియ్యి. కిటికీ ఎండ తగిలినా అందులోని యూవీకి సర్ఫేస్ మీద అంటుకున్న ఆక్సిజన్ వదిలేసి కరెంటు పెరిగిపోద్ది, వెలుగు తీసేసాక కూడా గంటల తరబడి తగ్గదు. శాంపిల్‌ని ముందురోజు రాత్రే నల్లగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టెయ్యి. కర్వ్ వంగితే లాగ్ స్కేల్‌లో గీసి వాలు చూడు, రూమ్ టెంపరేచర్‌లో కరెంటు పదింతలు అవడానికి 60 మిల్లీవోల్టులు పడితే అది ఆదర్శ డయోడ్, సోల్‌జెల్ ఫిల్మ్‌కి దానికి రెట్టింపు వచ్చినా నిరుత్సాహపడకు. రెండు ముక్కల కర్వ్‌లూ ఇక్కడ పెట్టు, చూద్దాం.