కల్పిత భాషలో మాటల మూలాలు చూపించాలా, దాచాలా?

మాది తిరుపతి. ఒక గేమ్ కోసం ఊహాజాతి భాష తయారుచేస్తున్నాను. నిఘంటువులో 400 మాటలదాకా ఉన్నాయి. ఎక్కువ భాగం చిత్తూరు యాస, తమిళం నుంచి తీసుకుని హల్లులు తారుమారు చేసినవే. ఎక్సెల్ షీట్‌లో 'మూలం' కాలమ్ అందరికీ కనిపించేలా పెడితే, ఆడేవాళ్ళు భాష వదిలేసి 'ఇది మా అవ్వ మాటే గదా' అని నవ్వుకున్నారు. కాలమ్ దాచేస్తే మాటలు గుర్తుండటం లేదంటున్నారు, ఎక్కడ కొట్టేశావని కూడా అడుగుతున్నారు! ఆ లోకానికి తగ్గట్టు కట్టుకథ వ్యుత్పత్తులు (మాట ఎలా పుట్టిందో చెప్పేవి) రాస్తే, అసలైనవాటితో కలిసిపోయి నాకే తికమక. 1887లో వచ్చిన 'ఎస్పెరాంతో' అనే కల్పిత భాష సులువుగా నేర్చుకోవడానికి చేసింది కాబట్టి, అందులో యూరప్ భాషల ధాతువులు కనిపించినా ఫర్వాలేదు. నాది పరాయిగా వినిపించాలి. ఇలాంటి భాష చేసినవాళ్ళు చెప్పండి: గేమ్‌తో ఇచ్చే నిఘంటువులో ఏ రకం మాటలకు మాత్రం మూలం చూపించాలి?