మాంటొవానీ రికార్డులో వయొలిన్లకు ఆ మోత ఎలా వచ్చింది?

నల్లకుంట శ్రోత:
మా మామయ్య ఎల్పీల్లో మాంటొవానీ ఆర్కెస్ట్రా ఆల్బమ్ ఒకటుంది. అన్నీ అప్పటి పాపులర్ ట్యూన్లే, గొంతు వినపడదు, వాద్యాలే. నాకు ప్రాణం. వయొలిన్లు స్వరం మీంచి స్వరం మీదికి జారుతుంటే పెద్ద గుళ్లో మోగినట్టుంటుంది. స్టూడియోలో కలిపిన ఎకోనా అది? ఒకవైపు చిటపటలు ఎక్కువ, అదెలా పోతుంది?

తార్నాక వయొలిన్:
ఎకో కాదు, కిటుకంతా సంగీతం రాసిన తీరులోనే ఉందండీ. 1951లో మాంటొవానీ వాయించిన 'షార్మేన్' అనే ట్యూన్ కోసం రోనాల్డ్ బింజ్ అనే అరేంజర్ (ఏ వాద్యం ఏం వాయించాలో రాసేవాడు) చేసిన పని. వయొలిన్లను గుంపులుగా విడదీసి ట్యూన్‌ను వంతులవారీగా పంచాడు. ఒక గుంపు 'స' పట్టుకుని ఉండగానే ఇంకో గుంపు 'రి' అందుకుంటుంది, అది ఆగకముందే మరొకరు 'గ'. స్వరాల కొసలు ఒకదాని మీద ఒకటి పడి మనకు మోతలా వినిపిస్తాయి. ఇంత తెలివైన రచనను లిఫ్టులో వేసే సంగీతం అని తీసిపారేస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఎవరు ఎక్కడ అందుకున్నారో తెలుస్తుంది.

మలక్‌పేట రికార్డులు:
డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి, గాడుల వెంటే గుండ్రంగా తుడవండి. అడ్డంగా వద్దు, లేబుల్ తడవనివ్వకండి. పూర్తిగా ఆరాకే సూది పెట్టండి. ఇలాంటి వాద్య సంగీతం నచ్చితే పాల్ మోరియా ఆర్కెస్ట్రా 'లవ్ ఈజ్ బ్లూ' తప్పక వినండి. 1968లో అమెరికాలో ఐదు వారాలు నంబర్ వన్. నాకు ఆ రికార్డు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య దొరికింది.

నల్లకుంట శ్రోత:
ఇద్దరికీ థాంక్స్ అండీ. తుడిచాక చిటపటలు చాలా తగ్గాయి. ఆబిడ్స్‌లో ఏ వైపు చూడాలో కాస్త చెప్పరూ?