రిపోర్ట్ కొట్టినా ఫొటోలు తీయడం లేదు. ప్లాట్‌ఫారమ్ మీద కేసు నిలబడాలంటే?

కృష్ణాతీరం

ఒకమ్మాయి నగ్న ఫొటోలు ఆమె ఒప్పుకోకుండా పెట్టినవాడి మీద ఎఫ్‌ఐఆర్ అయింది. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 77, ఐటీ చట్టం 66ఈ (గోప్యత ఉల్లంఘన), 67ఏ (లైంగిక దృశ్యాలు ఆన్‌లైన్లో పెట్టడం) పెట్టారు. ఫొటోలు మాత్రం అక్కడే ఉన్నాయి. యాప్‌లో ఎన్నిసార్లు రిపోర్ట్ కొట్టినా "మా నియమాలకు విరుద్ధం కాదు" అన్న ఒక్కటే జవాబు. "మేం మధ్యవర్తులం, ఎవరో పెట్టినదానికి బాధ్యులం కాదు, ఐటీ చట్టం సెక్షన్ 79 మాకు రక్షణ" అంటే కోర్టులో ఏం చెప్పాలి? ఫొటోలు మొదట ఆమె ఇష్టంతోనే తీసినవి. దానివల్ల కేసు వీగిపోతుందా?

పాతఫైలు

వీగిపోదండి. సెక్షన్ 77 కింద వివరణలోనే ఉంది: తీయడానికి ఒప్పుకున్నా, మూడో మనిషికి పంచడానికి ఒప్పుకోకపోతే ఆ పంచడం నేరమే. స్టేషన్‌లో "నువ్వే ఇచ్చావుగా" అంటే ఆ వివరణ చదివి వినిపించండి. ఆ మాటకు అమ్మాయి తలదించుకోనక్కర్లేదు.

ఇక 79. అది షరతులున్న రక్షణ. 2021 ఐటీ నిబంధనలు పాటించకపోతే, 7వ నిబంధన ప్రకారం ఆ రక్షణ పోతుంది. ఆ నిబంధనల్లో మీకు పనికొచ్చేది 3(2)(బి). బాధితురాలు గానీ ఆమె తరఫున ఇంకెవరైనా గానీ ఫిర్యాదు చేస్తే నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసినవి తీసేయాలి. కోర్టు ఉత్తర్వు తెమ్మని అడగకూడదు. గడువు మొదట 24 గంటలు, 2026 ఫిబ్రవరి 20 నుంచి 2 గంటలు. మీ ఫిర్యాదు ఏ తేదీన చేరిందో చూసుకుని దానికి వర్తించే గడువే పిటిషన్‌లో రాయండి.

చాలా కేసులు జారిపోయేది ఇక్కడే. రిపోర్ట్ బటన్ నొక్కితే మీ చేతిలో కాగితం మిగలదు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టండి, ఇలా: "కింది లింకుల్లో ఉన్నది నా చిత్రం. వీటిని పంచడానికి నేను ఒప్పుకోలేదు. నిబంధన 3(2)(బి) కింద తొలగించండి." ప్రొఫైల్ లింకు ఒక్కటే ఇస్తే చాలదు, ఒక్కో పోస్టు లింకు విడిగా రాయాలి. ఫొటో జతచేయకండి. టికెట్ నంబరు, మెయిల్ చేరిన సమయం దాచండి. గడువు లెక్క అక్కడినుంచే.

ఒక్కటి గుర్తుంచుకోండి, 79 పోయిందంటే నేరం రుజువైనట్టు కాదు. అడ్డు తొలగినట్టు, అంతే. 67ఏ గానీ నష్టపరిహారం గానీ విడిగా నిలబెట్టుకోవాల్సిందే. 50 లక్షలకు పైగా యూజర్లున్న కంపెనీ అయితే భారత్‌లో ఉండే చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్‌ని (నిబంధనలు పాటించేలా చూసే అధికారి) నియమించి తీరాలి. 4(1)(ఎ) ప్రకారం ఆయనకూ బాధ్యత ఉంటుంది, ప్రతివాదిగా చేర్చండి.

సిరిచుక్క

సాక్ష్యం సంగతి. స్క్రీన్‌షాట్‌లో పూర్తి లింకు, తేదీ, టైమ్ కనబడాలి. యూజర్ పేరు రాత్రికి రాత్రి మార్చేస్తారు, కాబట్టి ఖాతా ఐడీ నంబరు దొరికితే అదీ రాసిపెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) 63(4) సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి. ఎ భాగం మీది, బి భాగం నిపుణుడిది, రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి కోడ్) ఉండాలి. బి భాగం ఖాళీగా వదిలేస్తే అవతలి వకీలు పట్టుకునేది దాన్నే.

కంపెనీ తీసేసిన కంటెంట్‌ను, దాని రికార్డులను 180 రోజులు భద్రపరచాలి. దర్యాప్తు నత్తనడక నడిస్తే లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే సర్వర్ రికార్డులు) పోతాయి. అందుకే మొదటి వారంలోనే భద్రపరచమని నోటీసు పంపాలని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో సీలు చేసి ఇవ్వాలి. దయచేసి స్టేషన్ వాట్సాప్‌కు పంపకండి, ఆ ఫోన్లు ఎన్ని చేతులు మారతాయో ఆ అమ్మాయికి తెలియదు.

పాతఫైలు

గ్రీవెన్స్ ఆఫీసర్ కాదంటే 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీలు చేయవచ్చు. కానీ ఫొటోలు పాకిపోతుంటే దానికోసం కూర్చోవద్దు, రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్‌తో హైకోర్టుకి వెళ్లండి. పేరు బదులు 'ఎక్స్' అని రాయడానికి అనుమతి అదే రోజు అడగండి. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన 'ఎక్స్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా' తీర్పు జతచేయండి. ఒకసారి తొలగించమన్న బొమ్మ మళ్లీ కనబడితే లింకులు తెమ్మని బాధితురాలిని తిప్పకూడదని సెర్చ్ ఇంజిన్లకు చెప్పింది. ఆ కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. అవతలివాళ్లు ఆ మాట ఎత్తుతారు, సిద్ధంగా ఉండండి.

కృష్ణాతీరం

చాలా థాంక్సండి. మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేయకుండా ఆపే దారి ఉందా? ఇలాంటిదే ఇంకో కేసులో అమ్మాయి అమెరికాలో చదువుతోంది.

సిరిచుక్క

స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత వెబ్‌సైట్ వాడండి, 18 నిండినవాళ్లకు. ఫొటో ఫోన్ దాటదు, దాని హాష్ మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, రెడిట్ లాంటి భాగస్వాముల దగ్గరే పనిచేస్తుంది. ఫొటోను బాగా కత్తిరించినా, పైన బొమ్మలు అతికించినా హాష్ కలవకపోవచ్చు. కాబట్టి అలా మార్చిన కాపీ కనబడితే దానికీ హాష్ చేయండి. 18 లోపువాళ్లయితే ఎన్‌సీఎంఈసీ (పిల్లల రక్షణకు పనిచేసే అమెరికా సంస్థ) వాళ్ల 'టేక్ ఇట్ డౌన్' సేవ వాడండి, పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 67బి, పోక్సో పెట్టించండి.

అమెరికాలో 2025 మే 19న సంతకమైన టేక్ ఇట్ డౌన్ చట్టం ఉంది. పేరు ఒకటే, ఇది వేరు. సరైన నోటీసు అందాక 48 గంటల్లో తీయాలి, తెలిసిన కాపీలనూ తీయడానికి ప్రయత్నించాలి. కంపెనీలకు ఈ బాధ్యత 2026 మే 19 నుంచి. నోటీసులో సంతకం, చిత్రం ఎక్కడుందో, తన సమ్మతి లేదన్న మాట, తనను సంప్రదించే వివరాలు ఉండాలి. ఎలక్ట్రానిక్ సంతకం చాలు. 48 గంటలు దాటితే ఎఫ్‌టీసీకి (అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్) ఫిర్యాదు. ఈ గడువు తప్పినందుకు కంపెనీని పట్టుకునేది ఎఫ్‌టీసీయే, ఆ చట్టం కింద అమ్మాయి నేరుగా దావా వేయలేదు.