డెక్ ముందుండే డీజిల్ జీరో టర్న్ మోవర్: సొంతంగా వాడినవాళ్లు చెప్పండి

చెట్లనీడ:
అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది మధ్యలో డెక్ (గడ్డి కోసే బ్లేడ్లుండే పెట్టె) ఉండే పెట్రోల్ జీరో టర్న్, అంటే రెండు లీవర్లతో నడుపుతూ ఉన్నచోటే తిప్పగలిగే గడ్డికోత బండి. స్థలంలో చెట్లెక్కువ, కొమ్మలు బాగా కిందికి వాలి ఉంటాయి. దగ్గరికి వెళ్తే మొహానికి కొట్టుకుంటున్నాయి, మొదళ్ల చుట్టూ గడ్డి అలాగే మిగిలిపోతోంది. గ్రాస్‌హాపర్, వాకర్ లాంటి ముందు డెక్ డీజిల్ బండికి మారదామనుకుంటున్నా. వాలు మీద ఎలా నడుస్తుంది? డీజిల్‌కి చాకిరీ ఎక్కువా?

మైదానం:
మాదంతా ఖాళీ జాగా. అలాంటిచోట దీనికి డబ్బు పెట్టడం దండగండీ. మధ్య డెక్ బండి పొట్టిగా ఉంటుంది, చిన్న ట్రైలర్‌లో పట్టేస్తుంది. మీకు చెట్లున్నాయి కాబట్టి లెక్క వేరు.

పాతడీజిల్:
ఏళ్లుగా గ్రాస్‌హాపర్ డీజిల్ నడుపుతున్నాను, రిపేర్లూ నేనే చేసుకుంటాను. చెట్లున్నాయన్నారు కదా, ఇంకేం ఆలోచించకండి, తీసుకోండి. కొమ్మల కిందికి డెక్ ఒక్కటే దూరుతుంది, మీరు బయటే ఉంటారు. అంచు ఎక్కడిదాకా వెళ్లిందో కళ్లెదుటే కనిపిస్తుంది. బ్లేడ్లు విప్పాలంటే డెక్‌ని పైకి లేపి నిలబెట్టడమే, కింద పడుకునే పని లేదు.

చేతికి అలవాటు కావాల్సింది వెనకభాగం. డ్రైవ్ చక్రాలు ముందు, ఇంజన్ వెనక. గోడ వెంబడి కోస్తూ ఒక్కసారిగా పక్కకి తిప్పారంటే వెనకభాగం వెళ్లి గోడకి తగులుతుంది. ముందు మెల్లగా గోడకి దూరం జరిగి, ఆ తర్వాతే తిప్పాలి.

వాలుకి అడ్డంగా వెళ్లేటప్పుడు మీ ఇప్పటి బండి ముక్కు పల్లానికి జారుతుంది. దీనికి ఆ లెక్క తారుమారవుతుంది: ఇంజన్ బరువుకి వెనకభాగం పల్లానికి లాగుతుంది, ముక్కు ఎగువకి తిరుగుతుంది. ఎగువ చక్రం లీవర్ కాస్త ఎక్కువ తోస్తూ ఉండాలి. నిటారుగా ఎక్కితే బరువంతా వెనక్కి పోయి ముందు చక్రాలు పట్టు తప్పుతాయి, తడిగడ్డి మీదైతే మరీను. చాలా మాన్యువల్స్ 15 డిగ్రీలు దాటొద్దంటాయి, నేనైతే అంతదాకా కూడా వెళ్లను. ఇంకో మాట, ముఖ్యంగా మీకు: కొమ్మలు అడ్డొస్తున్నాయని రోల్ బార్ (బండి బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప కమ్మీ) మడిస్తే సీటు బెల్టు తీసేయాలి, నిలబెట్టగానే పెట్టుకోవాలి. మడిచి ఉంచి వాలు మీదికి మాత్రం పోకండి.

ఇక డీజిల్. ఇంజన్‌తో నాకు ఏ పేచీ లేదు, తంటా అంతా గడ్డి పొట్టుతోనే. ఎండాకాలం కోతలో రేడియేటర్ జాలీ చూస్తుండగానే మూసుకుపోతుంది. జాలీ దులిపి చేతులు కడుక్కుంటే చాలదు. లోపల రేకుల మధ్య సన్నటి పొట్టు నూనె మసితో కలిసి అట్టకట్టి ఉంటుంది, టార్చి వేసి చూస్తే గానీ కనబడదు. ఫ్యాన్ గాలి ఎటు పోతుందో దానికి ఎదురు దిక్కు నుంచి కంప్రెసర్ గాలి కొట్టండి. ప్రెషర్ నీళ్లు వద్దు, రేకులు వంగిపోతాయి. డీజిల్‌లోంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్‌లో చేరిన నీళ్లు బయటికి వదిలేయడం, పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టడం కూడా మరవకండి.

కొత్తది కొంటే హార్స్‌పవర్ చూసుకోండి. ఇంజన్ పొగ మీద అమెరికా పెట్టిన టియర్ 4 నిబంధనల్లో 19 కిలోవాట్ల దగ్గర, అంటే సుమారు 25 హార్స్‌పవర్ దగ్గర ఒక గీత ఉంది. అది దాటితే పొగలో మసి హద్దు బాగా కఠినం. చాలా మోవర్లలో ఇంజన్ 25 హార్స్‌పవర్ లోపే ఉండడానికి కారణం అదే. చెట్ల మధ్య పనికి అది సరిపోతుంది.

చెట్లనీడ:
చాలా థాంక్సండీ. సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూడాలి?

పాతడీజిల్:
ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. ముందే వేడిచేసి ఉంచితే బేరం ఆపేయండి. స్టార్టింగ్‌లో కాస్త తెల్లపొగ వచ్చి పోతే పర్లేదు, నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని. ఆయిల్ ఒత్తిడితో చక్రాల్ని నడిపే హైడ్రో పంపుల నీరసం వేడెక్కాకే బయటపడుతుంది కాబట్టి అరగంటైనా నడిపి, అప్పుడు మిట్ట ఎక్కించండి. ఒక పక్క వెనకబడితే ఆ పంపో మోటారో అరిగినట్టే. చివర్లో ఇంజన్ ఆపి తాళంచెవి బయటికి తీసి, డెక్ లేపి, బ్లేడ్లని చేత్తో తిప్పండి. గరగర వినిపించినా, పైకీ కిందికీ ఊగినా స్పిండిల్ (బ్లేడ్ తిరిగే ఇరుసు) బేరింగులు పోయాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.