‘ఐ హ్యావ్ వెంట్’ తప్పేనా? వాళ్లే అంటుంటే మనకెందుకీ తిప్పలు?

కొత్తపెన్ను:
ఆఫీసు మెయిల్‌లో "ఐ హ్యావ్ వెంట్ త్రూ ద రిపోర్ట్" అని రాశాను. మా టీమ్ లీడ్ ‘వెంట్’ కింద ఎర్ర గీత గీసి, అందరూ కాపీలో ఉన్న మెయిల్‌లోనే తిప్పి పంపారు. సరే, తప్పు నాదే అనుకున్నా. మర్నాడు కాల్‌లో అమెరికన్ క్లయింట్ "ఐ షుడ్ హ్యావ్ వెంట్ ఎర్లియర్" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషే మాట్లాడే మనిషి. ఎవరూ కిమ్మనలేదు. నేను రాస్తే తప్పు, ఆయన అంటే యాసా? ముందు ‘హ్యావ్’ ఉంటే సంగతి తెలిసిపోతూనే ఉందిగా, మళ్లీ వీ2 (‘వెంట్’ లాంటి భూతకాల రూపం), వీ3 (‘గాన్’ లాంటి పాస్ట్ పార్టిసిపుల్) అని రెండు రూపాలెందుకు? ఈ తేడా చచ్చిపోతోంది, మనమే అనవసరంగా బట్టీ పడుతున్నాం అని నా వాదన.

చీమకళ్లు:
అప్పుడే పాడె కట్టకండి. ఇంగ్లిష్‌లో ఎక్కువ క్రియలకు అసలీ గొడవే లేదు. వాక్–వాక్డ్–వాక్డ్, బై–బాట్–బాట్. తేడా కనబడేది గో, సీ, రైట్, టేక్, డ్రింక్ లాంటి కొన్నింటిలోనే. కాకపోతే రోజూ నోట్లో నానేవి అవే, అదీ చిక్కు.

సూత్రం కూడా చిన్నదే. వీ2 ఒంటరిగా నిలబడుతుంది: ఐ వెంట్, షి రోట్. వాక్యంలో క్రియగా వస్తే వీ3కి తోడు కావాలి. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ అయినా ఉండాలి, ఈజ్, వాజ్ లాంటిదైనా ఉండాలి: ఐ హ్యావ్ గాన్, ఇట్ వాజ్ రిటెన్. ‘డిడ్’ వచ్చిందంటే రెండూ పనికిరావు, వీ1 రావాలి: డిడ్ నాట్ గో.

మాటలమూట:
నేను కొత్తపెన్ను గారి పక్షం. షేక్‌స్పియర్ మాక్‌బెత్‌లో "ఐ హ్యావ్ స్పోక్ విత్ వన్ దట్ సా హిమ్ డై" అని ఉంది. స్పోకెన్ కాదు, స్పోక్! ‘హ్యావ్ రోట్’ లాంటివి 18వ శతాబ్దంలోనూ మామూలే. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో వీటిని పేరున్న రచయితల నుంచే ఏరి తప్పుపట్టాడు. అంటే పెద్దపెద్దవాళ్లే అలా రాస్తుండేవారనేగా? ఇక ‘వెంట్’ అయితే ‘గో’ కడుపున పుట్టిందే కాదు. ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాలం అది, సెండ్–సెంట్ లాగా. ‘గో’ దాన్ని దత్తత తెచ్చుకుంది. ఇంత కలగాపులగంగా పెరిగిన భాషలో ఒక్క మాటకి ఎర్ర గీతా!

చీమకళ్లు:
మీరిచ్చిన వాక్యాన్నే ఇంకోసారి చూడండి మాటలమూట గారూ. ‘స్పోక్’ పక్కనే ‘దట్ సా’ ఉంది, ‘దట్ సీన్’ లేదు. అంటే తోడు లేనిచోట అప్పుడూ వీ2యే. అయినా అప్పటి వాడుక ఇప్పటి ఆఫీసు మెయిల్‌ని కాపాడదు.

పాతచొక్కా:
నాది ఇంగ్లిష్ చెప్పే పని, ఈ తప్పు రోజూ దిద్దుతుంటాను. ఒక్క మాట చెబుతాను. ఇలాంటి తేడా తెలుగులోనూ ఉంది, మనం గమనించం అంతే. "కుర్చీ విరిగింది" అంటాం, "విరిగిన కుర్చీ" అంటాం. "విరిగింది కుర్చీ పక్కన పెట్టు" అని చిన్నపిల్లాడు కూడా అనడు. ఇంగ్లిష్‌లో ద చెయిర్ బ్రోక్, బ్రోకెన్ చెయిర్. రాసిన ఉత్తరం రిటెన్ లెటర్, దొంగిలించిన ఫోన్ స్టోలెన్ ఫోన్. ఇక్కడ మన పిల్లలు పెద్దగా తడబడరు.

తడబడేదంతా ‘హ్యావ్’ దగ్గరే. ‘తిన్నాను’ అన్న ఒక్క మాటలో మనకు ఐ ఏట్, ఐ హ్యావ్ ఈటెన్ రెండూ ఇమిడిపోతాయి. రెండూ ఒకటే అనిపించినప్పుడు నోరు బాగా అలవాటైన రూపాన్నే పట్టుకుంటుంది. ‘గాన్’ కంటే ‘వెంట్’ అలవాటు ఎక్కువ. కొత్తపెన్ను గారి మెయిల్‌లో జరిగింది అదే.

అన్నట్టు, జేబు ఖాళీ అయినప్పుడు "ఐ యామ్ బ్రోక్" అంటారు చూడండి, ఆ ‘బ్రోక్’ ఒకప్పటి వీ3యే. బ్రోకెన్ గెలిచాక అది ఆ ఒక్క అర్థంలో అలా ఉండిపోయింది.

చీమకళ్లు:
‘విరిగిన’ కొలత బాగుంది గానీ ఎక్కువ దూరం లాగొద్దు మాస్టారూ. ‘రాసిన ఉత్తరం’ సరే, ‘రాసిన మనిషి’ని రిటెన్ మ్యాన్ అనగలమా? ద మ్యాన్ హూ రోట్ అనాలి, మళ్లీ వీ2కే వచ్చాం.

పాతచొక్కా:
ఒప్పుకున్నాను. పని ఎవరి మీద జరిగిందో, ఏది మారిపోయిందో దానికే ఆ కొలత. పని చేసినవాడికి కుదరదు. ఇకమీదట పిల్లలకి ఈ ముక్క కూడా కలిపి చెబుతాను.

నిద్రమత్తు:
"ఐ హ్యావ్ డ్రంక్ టూ గ్లాసెస్ ఆఫ్ వాటర్" అనాలంటే నాకు టెన్షన్. తాగి ఉన్నానేమో అనుకుంటారని ‘డ్రాంక్’ అనేస్తాను.

చీమకళ్లు:
"ఐ యామ్ డ్రంక్" అంటేనే ఆ అనుమానం. ‘హ్యావ్’ ఉన్నంతసేపూ మీ పరువుకి ఢోకా లేదు. ఆ భయంతోనే ‘హ్యావ్ డ్రాంక్’ అనేవాళ్లు ఇంగ్లిష్ సొంతభాషగా ఉన్నవాళ్లలోనూ ఉన్నారు.

మాటలమూట:
మరి గాట్, గాటెన్? దానికీ గీతేనా?

పాతచొక్కా:
బ్రిటన్‌లో ‘హ్యావ్ గాట్’ చాలు. అమెరికన్లకు రెండూ కావాలి: నా దగ్గర ఉంది అనడానికి ‘హ్యావ్ గాట్’, సంపాదించాను, అలా అయ్యాను అనడానికి ‘హ్యావ్ గాటెన్’. రెండు చోట్లా ఇది తప్పు కాదు. ‘హ్యావ్ వెంట్’ అలా కాదు. మాట్లాడేటప్పుడు చాలామంది నోట వస్తుంది, అచ్చులోకి రానివ్వరు. మీ క్లయింట్ రాసేటప్పుడు ఏం రాస్తాడో చూడండి.

కొత్తపెన్ను:
చూశా. ఇందాక గంటసేపు ఆయన పాత మెయిళ్లు తవ్వాను. నాలుగు చోట్ల ‘హ్యావ్ గాన్’ ఉంది, ‘హ్యావ్ వెంట్’ ఒక్కటీ లేదు. మెయిల్ వరకు ఓడిపోయాను, మాటల్లో మాత్రం ఒప్పుకోను. కానీ ఒక మెయిల్‌లో "ద టెస్ట్స్ హ్యావ్ ర్యాన్" అని ఉంది. దీనికేమంటారు చీమకళ్లు గారూ?

చీమకళ్లు:
‘రన్’ ఉండాలి. ఎర్ర గీత గీసి తిప్పి పంపండి. మీ టీమ్ లీడ్‌ని సీసీలో పెట్టడం మర్చిపోకండి.