ఇన్‌హెరెంట్ వైస్: ముడి వేసి విప్పకుండా వదిలేశారా?

తెరచాటు: పాల్ థామస్ ఆండర్సన్ 2014లో తీసిన ఈ సినిమాను ఈ ఫోరంలో అందరూ ఆకాశానికెత్తుతున్నారు. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. రియల్ ఎస్టేట్ కోటీశ్వరుడు మికీ వుల్ఫ్‌మన్‌ను ఎవరు మాయం చేశారు, ఎందుకు? పాత ప్రియురాలు షాస్టా వచ్చి అడిగితే డాక్ స్పోర్టెల్లో అనే ప్రైవేటు డిటెక్టివ్ వెతకడం మొదలుపెడతాడు. 148 నిమిషాలు తిరుగుతాడు. గోల్డెన్ ఫాంగ్ అనే పేరు వినిపిస్తుంది, అది ఒకసారి ఓడ, ఒకసారి హెరాయిన్ ముఠా, ఇంకోసారి దంతవైద్యుల సంఘం! ముడి వేసినవాడు విప్పాలి కదా?

ఇసుకతిన్నె: డాక్ వుల్ఫ్‌మన్‌ను చూస్తాడు కదండీ, ఒక మానసిక చికిత్సాలయంలో, ఎఫ్‌బీఐ మనుషుల మధ్య. డబ్బు తీసుకుని ఇళ్లు అమ్మడం తప్పనిపించిన మనిషిని మళ్లీ దారికి తెచ్చి భార్య దగ్గరికి పంపారు. ఇంకేం విప్పాలి?

తెరచాటు: చూడటం వేరు, కనిపెట్టడం వేరు. ఎవరో తలుపు తడితే, ఫోను చేస్తే డాక్ కదిలాడు. ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి దారి చూపించండి.

సెకండ్‌షో: ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్ పట్టిన ఆ వెలుగు, జానీ గ్రీన్‌వుడ్ సంగీతం. వీటి కోసమే మళ్లీ చూస్తాను.

ఇసుకతిన్నె: దారి నేలలో ఉంది. డాక్ సాయం కోరి వచ్చే తారీఖ్ ఖలీల్ జైలు నుంచి వచ్చేసరికి అతని పేటే లేదు. అక్కడ వుల్ఫ్‌మన్ ఛానెల్ వ్యూ ఎస్టేట్స్ అనే ఇళ్ల వెంచరు కడుతున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో ఇది నిజంగా జరిగింది. 1950లలో చావెజ్ రవీన్ అనే పేట నుంచి మెక్సికన్ అమెరికన్ కుటుంబాలను ఖాళీ చేయించారు. ప్రభుత్వ ఇళ్లు కడతామన్నారు. చివరికి 1962లో అక్కడ డాడ్జర్ బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. సినిమా ఈ చరిత్రను గుర్తుచేస్తుంది కూడా. మా పేట కూడా ఒక వెంచరులో కలిసిపోయింది. పరిహారం వచ్చింది, చిరునామా పోయింది. ఇప్పుడు అక్కడికి వెళితే గేటు దగ్గర కాపలాదారు 'ఎవరింటికి?' అని అడుగుతాడు. వుల్ఫ్‌మన్‌ను ఎవరు ఎత్తుకెళ్లారన్నది నాకు చిన్న విషయం.

తెరచాటు: మీ పేట పోయినందుకు నాకూ బాధగానే ఉంది. దానితో స్క్రీన్‌ప్లేలో లోపం పూడదు.

మేఘమాల: ఈ సినిమాకు మూలమైన థామస్ పించన్ నవల 2009లో వచ్చింది. అది చదివితే తేలికగా అర్థమవుతుంది.

తెరచాటు: సినిమా అర్థం కావడానికి నవల కొనాలా?

ఇసుకతిన్నె: మీరు వుల్ఫ్‌మన్ దగ్గరే ఆగిపోయారు. కోయ్ హార్లింగెన్ పేరు ఒక్కసారైనా ఎత్తారా? చనిపోయాడని అందరూ అనుకున్న శాక్సఫోన్ వాద్యకారుడు. భార్య, చిన్న కూతురు ఉన్నారు. హెరాయిన్‌కు అలవాటుపడినవాడిని వేగుగా వాడుకున్నారు. చివర్లో తన చేతికి చిక్కిన హెరాయిన్‌ను గోల్డెన్ ఫాంగ్ ముఠాకు తిరిగి ఇచ్చేటప్పుడు డాక్ డబ్బు అడగలేదు, కోయ్‌ను వదిలేయమన్నాడు. కథ అక్కడ తీరింది. మనసు పెట్టి చూసినవాళ్లకు కనిపిస్తుంది.

తెరచాటు: నాకు మనసు లేదంటారా? అయితే వినండి. కోయ్ పేరు కావాలనే ఎత్తలేదు. మా చిన్నాన్న విద్యార్థి ఉద్యమంలో ఉన్నప్పుడు, ఆయనతో ఒకే కంచంలో తిన్నవాడే ఆయన ఎక్కడున్నాడో చెప్పేశాడు. చిన్నాన్న జైలుకు వెళ్లాడు, చెప్పినవాడు ఇంటికి వెళ్లాడు. కోయింటెల్‌ప్రో అనే రహస్య కార్యక్రమం పేరుతో 1956 నుంచి 1971 వరకు ఎఫ్‌బీఐ ఇలాంటి వేగులను పెట్టి ఉద్యమాలను లోపలి నుంచి తొలిచింది. 1970లో జరిగే కథలో వేగు ఇల్లు చేరడాన్ని సుఖాంతమంటే నేను చప్పట్లు కొట్టలేను. అతను ఎవరెవరిని పట్టించాడు? వాళ్ల ఇళ్లు ఒక్క షాటులోనైనా కనిపించాయా?

ఇసుకతిన్నె: ఈ మాట మొదటే అని ఉంటే వుల్ఫ్‌మన్ గురించి ఇంత వాదన అక్కరలేకపోయేది. అయినా ఒప్పుకోను. తండ్రి చేసిన పనికి ఆ పసిపిల్ల ఎందుకు నష్టపోవాలి? అందరికీ న్యాయం చేసే శక్తి డాక్‌కు లేదు. ఒక ఇంటిని నిలబెట్టాడు.

తెరచాటు: మా చిన్నాన్నకూ ఒక కూతురుంది. ఆమె తరఫున ఎవరూ బేరమాడలేదు.

సెకండ్‌షో: పోలీసు బిగ్‌ఫుట్ సంగతి ఎవరూ ఎత్తరేమిటి? ఆ హెరాయిన్‌ను డాక్ కారులో పెట్టిందే ఆ పోలీసు. తన భాగస్వామిని చంపినవాళ్ల మీద పగతో డాక్‌ను ముందుకు తోశాడు. అతన్ని కూడా క్షమించాలా?